ఇనుము ఇనుమును కలిసే వేళ

మేకు లేదు, మర లేదు, జిగురు లేదు, వెల్డింగ్ రాడ్ లేదు. రెండు ఇనప ముక్కలు కొలిమిలోంచి పచ్చగా కాగి వస్తాయి, దాగలి మీద ఒకదానిపై ఒకటి ఒరుగుతాయి, సుత్తె గబగబా కొన్ని దెబ్బలు వేస్తుంది. అంతే, ఇక అక్కడ రెండు ముక్కలుండవు. చల్లారాక ఆకురాయి పట్టి రుద్దినా, వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసినా, బాగా పడిన అతుకు దగ్గర గీత కనిపించదు. చేతులతో చేసే పనుల్లో ఇంత అందమైనదాన్ని నేను వేరే చూడలేదు.

వేల ఏళ్ల పని ఇది. మాదాపూర్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని బతికే నాలాంటివాళ్లకు దాన్ని ఓపిగ్గా నేర్పే కమ్మరులు ఇప్పటికీ ఉన్నారు, అదీ మా అద్దాల మేడలకు ఎంతో దూరంలో కాదు. వాళ్లను పొగడాలని ఎన్నాళ్లనుంచో ఉంది. పొగడాలంటే ముందు ఇనుము సంగతి చెప్పాలి.

ఇనుముకు ఇనుముతో కలిసిపోవడం సహజగుణం. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. లోహంలోని పరమాణువులు ఏ ముక్కవి ఆ ముక్కకే కట్టుబడి ఉండవు. శుభ్రమైన ముఖం శుభ్రమైన ముఖానికి తగినంత దగ్గరగా వస్తే చాలు, ఇటువీ అటువీ పట్టు కలుపుతాయి, హద్దు చెరిగిపోతుంది. గాలి లేని అంతరిక్షంలో ఉపగ్రహాల లోహభాగాలు వాటంతటవే అంటుకుపోయే ప్రమాదం ఉందని ఇంజనీర్లు ముందే జాగ్రత్తపడతారు. మరి ఇక్కడ నేల మీద సుత్తె దాగలికి ఎందుకు అతుక్కుపోదు? గాలి వల్ల. ఇనుము మీద గాలి ఎప్పుడూ కంటికి ఆనని ఒక పొర కప్పుతూ ఉంటుంది. గీకేస్తే క్షణంలో మళ్లీ కప్పుతుంది. కొలిమిలో కాగుతున్నప్పుడైతే మరీ మందంగా, నల్లని పొలుసుగా పేరుకుంటుంది. రెండు ఇనప ముక్కల మధ్య అడ్డంగా నిలబడేది ఆ పొరే.

కాబట్టి అతుకు వేసే కమ్మరి చేసేదంతా అడ్డు తొలగించడం. మంట, బొగ్గు, వెలిగారం, కొనల వాలు, సుత్తె దెబ్బ, అన్నీ దానికోసమే. అడ్డు తొలిగాక కలవడం ఇనుము చూసుకుంటుంది.

ఈ విద్య మా వైపు గుట్టలకు కొత్త కాదు. 1974లో ఏర్పడిన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం గచ్చిబౌలి ఆవరణలో బృహత్ శిలాయుగపు సమాధులున్నాయి. ఆచార్య కె.పి. రావు ఆధ్వర్యంలో అక్కడ తవ్వకాలు జరిపితే ఇనప వస్తువులు, చిన్న చిన్న కత్తులు బయటపడ్డాయి. అవి సుమారు 4000 ఏళ్ల కిందటివని పరీక్షల్లో తేలినట్టు 2015లో వార్తలొచ్చాయి. మన దేశంలో ఇనుము అంత పాతదా అన్న చర్చ పండితుల్లో సాగుతూనే ఉంది. ఆ లెక్కను కొన్ని వందల ఏళ్లు అటు జరిపినా ఇటు జరిపినా ఒక సంగతి మారదు. 1998లో సైబర్ టవర్స్ తలెత్తడానికి వేల ఏళ్ల ముందే ఈ బండల నడుమ ఎవరో బొగ్గు రాజేశారు, ఇనుము కాచారు, వాదర తీశారు.

ఆ కాలపు ఇనుము కరిగించి పోత పోసింది కాదు. మట్టి కొలిమిలో రాయిని బొగ్గుతో కలిపి కాలిస్తే అడుగున ఒక ముద్ద మిగిలేది. నిండా బొరియలు, బొరియల నిండా చిట్టెం. దాన్ని కాచి కొట్టి, మళ్లీ కాచి కొట్టి, చిట్టెం పిండేసి, లోపలి ఇనప తునకలను ఒకదానికొకటి అతికించాలి. అప్పుడుగానీ అది కత్తికి పనికిరాదు. అంటే అతుకు తెలియకుండా ఆ రోజుల్లో ఇనుమే లేదు. నేను రోజూ బస్సులో దాటిపోయే విశ్వవిద్యాలయం గోడ లోపల, మట్టి కింద అన్నాళ్లు పడుకున్న ఆ చిన్న కత్తి ఒళ్లంతా అతుకేనన్న ఊహ నన్ను వదలదు.

కొలిమి దారి గురించి చెప్తాను. గచ్చిబౌలి నుంచి నార్సింగి మీదుగా అప్పా జంక్షన్ చేరి, మొయినాబాద్ దాటి చేవెళ్ల రోడ్డు పడితే అటూ ఇటూ పాత మర్రిచెట్లు మొదలవుతాయి. ఆ రోడ్డు మీంచి చీలే ఒక ఊళ్లో, రేకుల కప్పు కింద, తండ్రి తాతల నాటి దాగలి ముందు కూర్చునే పెద్దాయన దగ్గర నేను కొలిమి పని నేర్చుకుంటున్నాను. ఊరంతా ఆయన్ని చారీ అంటుంది. నేను తాతా అంటాను. ఆయన నన్ను మొదట్లో సారు అనేవాడు, చేతికి మసి అంటాక బిడ్డా అంటున్నాడు. ఆ పిలుపు నాకు దక్కిన పెద్ద గౌరవం. తిత్తి పోయి చేత్తో తిప్పే బ్లోయర్ వచ్చింది కానీ గాలి కొట్టేది ఇప్పటికీ ఆ ఇంటి పెద్దమ్మే. కమ్మరి ఇళ్లలో సగం పని ఆడవాళ్లది. గాలి ఎక్కువైతే ఇనుము కాలిపోతుంది, తక్కువైతే కాగదు. మంట రంగు చూసి చెయ్యి వేగం మార్చే ఆమె నేర్పు ఏ పుస్తకంలోనూ లేదు.

లోపల చీకటిగా ఉంటుంది. పేదరికం వల్ల అలా ఉందనుకునేవాళ్లుంటారు. కావాలనే చీకటి. ఎండ పడితే కాగిన ఇనుము రంగు కంటికి తప్పుగా తెలుస్తుంది. ఈ పనిలో థర్మామీటర్ కన్నే కాబట్టి కంటికి చీకటి కావాలి.

తాత మొదట నేర్పింది మంట. ఇనుము జోలికే రానివ్వలేదు. "పొయ్యి మంచిగుంటె పని సగమైనట్టే" అంటాడు. కొలిమి అడుగున పేరుకున్న చిట్టెం లాగేయాలి. తుమ్మ బొగ్గు లోతుగా పొయ్యాలి. కింది నుంచి వచ్చే గాలి ఆ లోతు దాటేసరికి అందులోని ప్రాణవాయువు బొగ్గుకే ఆహారం అయిపోవాలి. ఆ పైన, గాలి చచ్చిపోయిన చోట, ఇనుమును ఉంచాలి. అక్కడ వేడి ఉంటుంది, పొలుసు కట్టించే శక్తి మాత్రం ఉండదు. ఇదంతా తాత రసాయనశాస్త్రంగా చెప్పడు. "గాలికి ఇనుము కనవడొద్దు" అంటాడు. ఆ ఒక్క మాటలో నేను కాలేజీలో చదివిన ఒక పాఠమంతా ఉంది.

తరవాత కొనలు. అతికే కొనను ముందుగా కాచి, నిలబెట్టి గుద్ది, కాస్త లావు చెయ్యాలి. ఎందుకంటే అతుకు దెబ్బలకు అక్కడ ఇనుము సాగి సన్నబడుతుంది, ఆ నష్టం ముందే పూడ్చుకోవాలి. ఆపైన కొనను ఏటవాలుగా దించాలి. దించిన ముఖం చదునుగా ఉండకూడదు, నడుమ కొద్దిగా ఉబ్బి ఉండాలి. రెండు ఉబ్బులు ముందు నడుమ తాకుతాయి, దెబ్బ పడేకొద్దీ తాకిడి అంచులకు పాకుతుంది, మధ్యలో ఉన్న చిట్టెం బయటికి చిమ్ముతుంది. గుంటగా ఉంటే చిట్టెం లోపలే చిక్కుకుపోతుంది, పైకి అతికినట్టే ఉంటుంది, కొన్నాళ్లకు విడిపోతుంది. ఆ కొద్దిపాటి ఉబ్బును మొదట కనిపెట్టిన మనిషి ఎవరో గానీ, వాళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది.

ఆపైన వెలిగారం. కంసాలుల ఇళ్లలో చూసే తెల్లని పొడే ఇది. ఎర్రగా కాగిన ఇనుము మీద చల్లితే పొంగి, 740 డిగ్రీల దగ్గర గాజులా కరిగి ఒళ్లంతా పాకుతుంది. ఉన్న పొలుసును తనలో కరిగించుకుంటుంది, కొత్త పొలుసు రాకుండా కప్పు కడుతుంది. వెలిగారం కొనలేని రోజుల్లో ఏటి ఇసుక చల్లేవాళ్లమని తాత చెప్పాడు. ఇసుక కూడా ఇనప పొలుసుతో కలిసి, రెండూ విడివిడిగా కరిగే వేడికన్నా తక్కువలో, సుమారు 1200 డిగ్రీల దగ్గర కరుగుతుంది. గట్టి ఇసుక, గట్టి పొలుసు, కలిస్తే నీళ్లు. ఎవరు ఎప్పుడు పిడికెడు ఇసుక తీసి నిప్పులో ఉన్న ఇనుము మీద వేసి చూశారు? ఎందుకు వెయ్యాలనిపించింది?

ఇప్పుడు కాపు. ముదురెరుపు, ఎరుపు, నారింజ, పసుపు. పసుపు దాటి తెలుపుకు తిరిగేచోట, 1250, 1300 డిగ్రీల నడుమ, ఇనుము కరగదు. కరగడానికి 1538 కావాలి. కానీ ఆ గట్టు మీద దాని ఒంటికి ఒక తడి వస్తుంది. కాగిన నెయ్యి రాసినట్టు నిగనిగలాడుతుంది. సన్నని తీగ తాకిస్తే పట్టుకుంటుంది. బొగ్గుల్లోంచి ఒకటి రెండు రవ్వలు, చిన్న చుక్కల్లాంటివి, పైకి లేస్తాయి. రవ్వలు గుంపుగా లేచాయంటే ఇనుము కాలిపోతోందని. ఉక్కు అయితే ఇంకా తక్కువ వేడికే కాలుతుంది, దానికి కొలత వేరు. ఆ తడి మెరుపుకూ ఆ రవ్వల గుంపుకూ మధ్య ఉండే వ్యవధి కొన్ని ఊపిర్లు. తాత అప్పుడు మాట్లాడడు. కళ్లు చిన్నవి చేసి చూస్తాడు. పెద్దమ్మ చెయ్యి నెమ్మదిస్తుంది. "ఇగ" అంటాడు.

దాగలి చల్లగా ఉంటే వేడి తాగేస్తుంది, అందుకని దాని మీద ముందే కాలిన ఇనుము పెట్టి వెచ్చచేసి ఉంచుతాడు. పట్టకారుతో లాగిన ముక్కను దాగలి అంచుకు ఒకసారి కొట్టి చిట్టెం దులుపుతాడు. రెండోది దాని మీద పడుతుంది. కొత్తవాళ్లకు బలమంతా అక్కడే చూపాలనిపిస్తుంది. మొదటి దెబ్బలు మెత్తగా ఉండాలి. "కొట్టకు బిడ్డా, అద్దు" అని తాత మాట. ఆ వేడిలో ఇనుము ఎంత మెత్తగా ఉంటుందంటే గట్టి దెబ్బకు రెండూ జారి పక్కకు పోతాయి. నడుమ మెత్తగా ఒకటి, వెంటనే మరొకటి, అక్కడి నుంచి అంచులకు. పట్టు దొరికిందని సుత్తెకే తెలుస్తుంది. విడిగా ఉన్న ముక్కల మోత వేరు, కలిశాక మోత వేరు. మొదట నాకు ఆ తేడా వినబడేది కాదు. ఇప్పుడు వినబడుతోంది. నా జీవితంలో ఈ మధ్య జరిగిన మంచి సంగతుల్లో అదొకటి.

పెద్ద పని అయితే సమ్మెట వేసే మనిషి ఎదురుగా నిలబడతాడు. తాత చిన్న సుత్తెతో ఎక్కడ తడితే సమ్మెట అక్కడే పడాలి. దాగలి ఒట్టి ముఖం మీద సుత్తె టింగుమని మోగిందంటే ఆగమని. మాట అక్కర్లేదు. ఆ ఇద్దరి మధ్య నడిచే లయ వింటూ కూర్చుంటే పూట గడిచింది తెలియదు.

బడిపిల్లలు బట్టీపట్టే వేమన పద్యాల్లో ఒకటి ఈ పని గురించే. ఇనుము విరిగితే రెండుసార్లు, మూడుసార్లు అయినా కాచి కలపవచ్చు, మనసు విరిగితే కలపలేమంటాడు. మనసు సంగతే అందరం చెప్పుకుంటాం, ఇనుము సంగతి వదిలేస్తాం. కొలిమి దగ్గర కూర్చున్నాక నాకు ఆ మొదటి సగం కొత్తగా వినిపించింది. రెండు, మూడు అన్నాడే గానీ ఎన్నిసార్లయినా అనలేదు. ప్రతి కాపుకూ ఇనుము కొంత పొలుసై రాలిపోతుంది, ముక్క సన్నబడుతుంది. వేమన ఎక్కడో కొలిమి పక్కన చాలాసేపు కూర్చునే ఆ పద్యం చెప్పాడని నా నమ్మకం.

అతుకు లేకపోతే పల్లెకు గొడ్డలి లేదు. ఉక్కు దొరకడం కష్టమైన కాలంలో ఒళ్లంతా మెత్తని ఇనుముతో చేసి, వాదర మట్టుకు ఉక్కు పెట్టి అతికేవాళ్లు. అంతా ఇనుమైతే పదును నిలవదు, అంతా ఉక్కైతే దెబ్బకు పెళుక్కుమంటుంది. మెత్తనిది దెబ్బను ఓర్చుకుంటుంది, గట్టిది చెట్టును కోస్తుంది. నాగలి కర్రు అరిగిపోతే కొత్త ముక్క అతికి పొడిగించేవాళ్లు. ఇవాళ తాత దగ్గరికి లారీ కమాన్ పట్టీలు వస్తాయి, అవి ముందే ఉక్కు కాబట్టి చాలా కత్తులకు అతుకుతో పనిలేదు. అయినా ఆయన అతుకు మరవలేదు. చెయ్యి మరవకుండా అప్పుడప్పుడూ ఉత్తినే ఒకటి వేస్తాడు.

ఉక్కు మాట వచ్చింది కాబట్టి ఉత్తర తెలంగాణ వైపు ఒకసారి చూడాలి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఇనుమును మూసల్లో పెట్టి, గట్టిగా మూసి, దీర్ఘంగా ఊది ఉక్కు చేసేవాళ్లు. 1820ల నాటికి దాన్ని కళ్లారా చూసి రాసినవాడు హెన్రీ వాయ్సీ, దేశాన్ని కొలిచిన మహా సర్వేలో వైద్యుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు. ఆయన వెళ్లేసరికి ఉక్కు కొనడానికి పారశీక దేశపు ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడు ఆ ఊళ్లో ఉన్నాడు. అంతకు ఒకటిన్నర శతాబ్దం ముందే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే కూడా, అలలు తేలే కత్తులకు పనికొచ్చే ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచే వస్తుందని రాశాడు. ఆ ఉక్కు స్వభావం అతుకుకు సరిగ్గా ఎదురు. ఎక్కువ కాస్తే దాని లోపలి అల చెడిపోతుంది, కాబట్టి తక్కువ ఎరుపులోనే సహనంగా సాగదీయాలి. ఒక నేల మీదే రెండు విద్యలు. ఒకటి ఇనుమును అంచుదాకా కాచేది, ఇంకొకటి అంచుకు దూరంగా ఆపేది. రెండింటికీ కొలమానం కమ్మరి కన్నే.

కుతుబ్ మీనార్ పక్కనున్న ఇనప స్తంభం గురించి అందరూ తుప్పు పట్టలేదని చెప్పుకుంటారు. నన్ను అంతకన్నా ఆశ్చర్యపరిచేది అది పోతపని కాకపోవడం. 7 మీటర్ల పొడవు, 6 టన్నుల పైచిలుకు బరువు ఉన్న ఆ స్తంభాన్ని 1600 ఏళ్ల కిందట ఇనప ముద్దలను ఒకదాని మీద ఒకటి అతుకుతూ పెంచారు. ఎన్ని కొలుములు, ఎన్ని తిత్తులు, "ఇగ" అన్న గొంతు ఎవరిదో.

నా పగటి బతుకు కూడా ఈ విద్యకు బయట లేదని ఆలస్యంగా తెలిసింది. హైటెక్ సిటీ చుట్టుపక్కల ఆఫీసుల్లో ఎన్నో చిప్పుల రూపకల్పన జరుగుతుంది. చిప్పును బయటి కాళ్లకు కలపడానికి వాడే బంగారు తీగ వెంట్రుకకన్నా సన్నగా ఉంటుంది. దాన్ని కరిగించిన సీసంతో అంటించరు. శుభ్రమైన మెత్త మీద ఆనించి, వేడిచేసి, నొక్కుతారు. బంగారం కరగదు, కలుస్తుంది. 1957లో బెల్ ల్యాబ్స్‌వాళ్లు ప్రకటించిన ఆ పద్ధతికి తరవాత ధ్వని తరంగాల సాయం తోడైంది. ఇంకా కొత్త చిప్పుల్లో ఒక పలక మీద మరో పలక పెట్టి, రాగి చుక్కను రాగి చుక్కతో నేరుగా కలుపుతున్నారు. దుమ్ము దాదాపు లేని గదుల్లో, అద్దంకన్నా నునుపుగా సానబట్టిన ముఖాలను ఎదురెదురుగా పెట్టి కాస్తారు. ఎంత ఖరీదైన యంత్రమైనా అక్కడ చేసేది అడ్డు తొలగించడమే. ఈ సంగతి తాతకు చెప్పాను. ఫోను చేతిలోకి తీసుకుని వెనకా ముందూ తిప్పి చూశాడు. "గిండ్ల గూడ అతుకున్నదా" అన్నాడు. "ఎవలు కొడ్తరు?" అని అడిగాడు. యంత్రం అన్నాను. "దానికి నేర్పినోడు ఉంటడు గదా" అన్నాడు.

రాయదుర్గంలో 2023 మార్చిలో తెరిచిన టీ-వర్క్స్‌లో లోహం కోసే లేజర్లు, రకరకాల యంత్రాలు ఉన్నాయి, కొత్త వస్తువు చేసి చూడాలనుకునేవాళ్లకు అదొక వరం. శిల్పారామంలో పల్లె వృత్తులవాళ్ల నిలువెత్తు బొమ్మలున్నాయి, పిల్లలు వాటి పక్కన ఫోటోలు దిగుతారు. నాకు రెండూ ఇష్టమే. కానీ బొమ్మ దగ్గర ఆగే పిల్లలను ఒక్కసారి నిజం కొలిమి దగ్గరికి తీసుకెళ్లమని వాళ్ల అమ్మానాన్నలను చేతులు పట్టుకుని అడగాలనిపిస్తుంది. మన చుట్టూ ఇంకా కొలుములున్నాయి, గంట ప్రయాణంలో. నేర్పమని మర్యాదగా అడిగితే కాదనే కమ్మరిని నేను చూడలేదు. వాళ్ల పని పాడవకుండా, వాళ్లు గిరాకీలో లేని వేళ చూసి వెళ్లాలి, బొగ్గు ఖర్చు మనం పెట్టుకోవాలి, గురువుకు ఇవ్వాల్సింది గురువుకు ఇవ్వాలి. ఒక పూట గాలి కొట్టినా చాలు, ఇనుమంటే ఏమిటో ఒంటికి తెలుస్తుంది.

మొన్న నా చేతి మీదుగా పడిన అతుకును తాత పరీక్షించాడు. చల్లారాక దాగలి రంధ్రంలో ఒక కొస దూర్చి, రెండో కొసకు పట్టకారు తగిలించి, బలంగా వంచాడు. వంగింది. ఇంకా వంచాడు. చివరికి తెగింది, అతుకుకు బెత్తెడు అవతల, ఒట్టి ఇనుములో. తెగిన ముక్కను నా అరచేతిలో పెట్టి, తలుపు దగ్గర కల్లు గీసే కత్తి పట్టుకుని నిలబడ్డ గౌడన్నను లోపలికి పిలిచాడు. కత్తి వాదర మీద వేలు నడిపి, "నడుమ మెత్తవడ్డది, ఉక్కు వెయ్యాలె" అన్నాడు. నన్ను బొగ్గు పొయ్యమన్నాడు. పెద్దమ్మ బ్లోయర్ పిడి అందుకుంది.